ఫోన్‌లోని ఉక్రెయిన్ వీడియో సాక్ష్యంగా నిలబడాలంటే

2022 మార్చి 2న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్ ఉక్రెయిన్‌లో జరిగిన నేరాలపై దర్యాప్తు మొదలుపెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఖార్కివ్ లాంటి ఊళ్ల నుంచి మన మెడికల్ విద్యార్థులు బయటపడ్డారు. వాళ్ల ఫోన్లలో అప్పటి వీడియోలు ఇంకా ఉండొచ్చు. వీడియోలు సాక్ష్యంగా పనికొస్తాయా అన్న అనుమానం అక్కర్లేదు. 2017లో లిబియాకు చెందిన సైనిక కమాండర్ అల్ వెర్ఫల్లీపై ఇదే కోర్టు ఇచ్చిన అరెస్టు వారెంటుకు సోషల్ మీడియా వీడియోలే ముఖ్య ఆధారం.

అన్నిటికన్నా ముఖ్యం ఒరిజినల్ ఫైలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోతుంది, తీసిన సమయం, జీపీఎస్ వివరాలు ఎగిరిపోతాయి. తప్పనిసరైతే డాక్యుమెంట్‌గా పంపండి. కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి దించుకోవడం ఇంకా మేలు. గూగుల్ ఫోటోస్‌లో స్టోరేజ్ సేవర్ పెట్టుకుని, స్థలం కోసం ఫోన్‌లోది తుడిచేశారా, ఇక మీ దగ్గర మిగిలింది కుదించిన కాపీయే. ట్రిమ్మింగ్, బ్లర్ లాంటివన్నీ కాపీ మీదే చేయాలి. ఫైలు పేరు కూడా మార్చొద్దు, చాలా ఫోన్లలో తేదీ, గంట ఆ పేరులోనే ఉంటాయి.

దించుకున్న వెంటనే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, తీయండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్ చాలు, 64 అక్షరాల కోడ్ వస్తుంది. ఫైల్లో ఒక్క బిట్ మారినా కోడ్ మొత్తం మారిపోతుంది. దాన్ని తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసి, మీకు మీరే మెయిల్ చేసుకోండి. మూడు కాపీలు ఉంచి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి.

అదే నోట్‌బుక్‌లో ఎవరు తీశారు, ఏ అంతస్తు నుంచి, కిటికీ ఏ దిక్కుకుంది, ఫైలు ఎవరి చేతి నుంచి ఎవరికి వచ్చింది అన్నీ రాయాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది టైము దగ్గరే. శీతాకాలంలో కీవ్ మనకన్నా మూడున్నర గంటలు వెనక. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా రెండున్నరే. ఖార్కివ్‌లో మార్చి 1 ఉదయం 5 గంటలకు తీసిన వీడియోకి హైదరాబాద్ లాప్‌టాప్ 8:30 చూపించొచ్చు. చీకట్లో తీసిన వీడియోకి 8:30 అని రాసి ఉంటే అవతలి లాయరు ఊరుకుంటాడా? పక్కన ఏ దేశపు సమయమో తప్పక రాయండి. రష్యా ఆక్రమించిన ప్రాంతాల్లో మాస్కో టైము నడుస్తుందని కూడా గుర్తుంచుకోండి.

బాధితుల నుంచి పూర్తి వాంగ్మూలం మీరు తీసుకోవద్దు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్ కార్యాలయం, యూరోజస్ట్ (నేర దర్యాప్తుల్లో యూరప్ దేశాలను సమన్వయపరిచే సంస్థ) కలిసి 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలూ ఈ విషయంలో జాగ్రత్త చెబుతాయి. ఒకరికి చెప్పినదానికీ మరొకరికి చెప్పినదానికీ చిన్న తేడా వచ్చినా అది వాళ్లకే ఎదురు తిరుగుతుంది, పైగా మానిన గాయం మళ్లీ రేగుతుంది. పేరు, ఎలా కలవాలో వివరం తీసుకుని, వాళ్లు ఒప్పుకుంటేనే దర్యాప్తు చేసేవాళ్లకు అందించండి. యుద్ధఖైదీలు కనిపించే వీడియోలు పోస్టు చేయొద్దు, వాళ్లను జనం కుతూహలానికి గురిచేయకూడదని మూడో జెనీవా ఒప్పందం 13వ అధికరణం చెబుతోంది.

ఫైళ్లను కోర్టు వెబ్‌సైట్‌లోని ఓటీపీ లింక్ పోర్టల్లో (ఇక్కడ ఓటీపీ అంటే పాస్‌వర్డ్ కాదు, ప్రాసిక్యూటర్ కార్యాలయం) అప్‌లోడ్ చేయొచ్చు. అప్‌లోడ్ అయింది కదా అని పాత ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. ఫైలు అందులో తీసిందేనా అన్న అనుమానం వస్తే ఫోనే అడగొచ్చు.