పాత కారుకు బ్రేకు పైపులు మార్చడం, ఉప్పుగాలి నుంచి కాపాడుకోవడం ఎలా?

అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండికైనా, భీమవరం దగ్గర రొయ్యల చెరువుల గట్ల మీద నడిచే బండికైనా తుప్పు ముందు కిందనుంచే పడుతుంది. పాత అంబాసిడర్‌కో ప్రీమియర్ పద్మినీకో వేలకు వేలు పోసి పెయింటు కొట్టించి, సీట్లు కుట్టించి, బ్రేకు పైపులు మాత్రం పాతవే ఉంచేస్తుంటారు. చూస్తే నాకు భయమేస్తుంది. ఆ కాలం బండ్లలో చాలావాటికి బ్రేకు సర్క్యూట్ ఒక్కటే. ఒక్కచోట పైపు చిట్లితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. మన రోడ్లేమో ఒక పక్క కాలువ, ఇంకో పక్క పంటబోదె.

అందుకే పైపుకు అతుకు వేయనివ్వకండి. పాడైన ముక్క కోసేసి ఫ్రిజ్ కాపర్ పైపు పెట్టి వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. జాయింటు నుంచి జాయింటు దాకా పైపు మొత్తం మార్చాల్సిందే.

ముందు చూడాల్సింది

బండిని గట్టి నేల మీద పెట్టండి. మన ఒండ్రునేలలో జాకీ దిగబడుతుంది కాబట్టి కింద మందపాటి చెక్క వేయండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందకి దూరొద్దు. స్టాండ్లు పెట్టాలి, సిమెంటు ఇటుకలు పనికిరావు. తర్వాత పైపును బాడీకి పట్టి ఉంచే క్లిప్పులు ఒక్కొక్కటే విప్పి చూడండి. బయటికి కనిపించే పైపు నున్నగానే ఉంటుంది. క్లిప్పు కింద ఇరుక్కున్న మట్టి ఉప్పుతేమను పట్టి ఉంచి, అక్కడే పైపును తినేస్తుంది. స్క్రూడ్రైవరు మొనతో గీకితే పైపొర పెచ్చులుగా ఊడి గుంటలు కనిపించాయంటే ఇక ఆలోచించక్కర్లేదు. వెనక యాక్సిల్ మీద పైపునూ ఇలాగే చూడండి. విప్పేముందు పైపులు ఎటునుంచి ఎటు వెళ్తున్నాయో ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి.

కొనడం

ఈ పైపుల బయటి వ్యాసం చాలావరకు 3/16 అంగుళం, అంటే 4.75 మిల్లీమీటర్లు. అయినా వెర్నియర్ (సన్న కొలతల స్కేలు)తో మీ పైపును కొలవండి. దొరికితే కుప్రో నికెల్ పైపే తీసుకోండి. రాగిలో దాదాపు 10 శాతం నికెల్ కలిపిన ఈ లోహం ఉప్పుగాలిని బాగా తట్టుకుంటుంది, చేత్తోనే వంగుతుంది. నట్ల దగ్గర జాగ్రత్త: అంగుళాల లెక్కలో 3/8 మర, మెట్రిక్‌లో 10 మిల్లీమీటర్ల మర చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి బిగిస్తే మర చెడిపోయి లీకవుతుంది. విజయవాడ ఆటోనగర్ వెళ్లినా పాత నట్టు చేతిలో పట్టుకునే వెళ్లండి. రబ్బరు హోసులు కూడా ఇప్పుడే మార్చేయండి. లోపల ఉబ్బిన హోసు ఆయిల్‌ను వెనక్కి రానివ్వక బ్రేకు పట్టేసేలా చేస్తుంది.

బిగించడం

నట్లు విప్పడానికి ఫ్లేర్ నట్ పానా (నట్టును దాదాపు చుట్టూ పట్టుకునేది) వాడండి, మామూలు పానాకు నట్టు మూలలు అరిగిపోతాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే తేలిగ్గా వస్తాయి. పాత పైపునే కొలతగా పెట్టుకుని, కొత్తదాన్ని పైపు కట్టర్‌తో కోయండి. హాక్సా బ్లేడు రజను లోపల వదిలేస్తుంది. అంచు లోపలా బయటా నునుపు చేసి, నట్టు ఎక్కించాకే చివర ఫ్లేర్ కొట్టాలి, అంటే పైపు అంచును ఫ్లేర్ పనిముట్టుతో వెడల్పు చేయాలి. పాతదానికి డబుల్ ఫ్లేర్ (అంచు రెండు పొరలుగా మడిచినది) ఉందా, బుడగలా ఉందా చూసి అదే ఆకారం చేయండి. ఫ్లేర్ అంచున వెంట్రుకంత పగులు కనిపించినా కోసేసి మళ్లీ కొట్టండి. గాలి కొట్టి పైపు లోపల శుభ్రం చేయండి. పెట్రోలు, కిరసనాయిలు పోస్తే సీళ్లు ఉబ్బిపోతాయి.

వంపులు గుండ్రంగా రావాలి. నట్టును ముందు వేళ్లతో తిప్పి, మర సరిగ్గా పట్టాకే పానా వేయండి. పైపు సైలెన్సర్‌కు దూరంగా ఉండాలి, బాడీకి ఎక్కడా రాసుకోకూడదు. సుమారు 30 సెంటీమీటర్లకొక రబ్బరు లైనింగ్ క్లిప్పు చాలు.

బ్రేకు పైపుల్లో గాలి తీయడం

బండి పుస్తకంలో చెప్పిన గ్రేడు బ్రేకాయిలే పోయండి, సాధారణంగా అది డాట్ 3 లేదా డాట్ 4. సిలికాన్ రకం డాట్ 5ను వీటితో కలపకూడదు. డాట్ 3, డాట్ 4 ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఎప్పుడో మూత తీసిన డబ్బా వద్దు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది) అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. చక్రం దగ్గర గాలి వదిలే చిన్న స్క్రూ అయిన నిపుల్‌కు పారదర్శక గొట్టం తగిలించి, దాని చివర కొంచెం బ్రేకాయిల్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపుల్ వదులు చేసి, పెడల్ పైకి రాకముందే బిగించాలి. బుడగలు ఆగేదాకా ఇలాగే చేయండి. ఈలోగా రిజర్వాయర్ ఖాళీ కానివ్వొద్దు.

తర్వాత పెడల్‌ను బలంగా ఒకట్రెండు నిమిషాలు తొక్కి ఉంచమని ఇంకొకరికి చెప్పి, మీరు ప్రతి జాయింటుకూ టిష్యూ పేపరు అద్దండి. తడి తగిలినా, పెడల్ మెల్లగా కిందికి దిగినా బండి రోడ్డెక్కకూడదు. అంతా సరిగ్గా ఉంటే ఖాళీ చోట నెమ్మదిగా నడిపి బ్రేకులు చూసుకోండి, కాలవగట్టు మీదికి ఆ తర్వాతే.

కాపాడుకోవడం

పైపు శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడే క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా పూసే మైనం) పల్చగా పూయండి. హోసులకు, బ్రేకు డ్రమ్ములకు తగలనీయొద్దు. తారు పూయడం నాకు ససేమిరా నచ్చదు, దాని కింద తుప్పు పెరుగుతున్నా కంటికి కనపడదు. సముద్రపొడ్డునో చెరువుగట్టు మీదో తిరిగొస్తే మంచినీళ్లతో బండి అడుగు కడగండి. వానలకు ముందు, తుఫాన్లు వెళ్లాక క్లిప్పులు తడిమి చూడండి. కారు షెడ్డులోనే ఉన్నా బ్రేకాయిల్ రెండేళ్లకోసారి మార్చాల్సిందే. తేమ చేరిన ఆయిల్ ఉక్కు భాగాలను లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది.