ఎముకలు గుల్లబారాయో లేదో ముందే తెలుసుకోవడం ఎలా?

కిందటి కార్తీకంలో అరటి దొప్పలో దీపం వదలడానికి కాలవ రేవులోకి దిగుతూ మా అత్తయ్య జారింది. ఒక్క మెట్టే. చెయ్యి ఆనించేసరికి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో సిమెంట్ కట్టు వేసి పంపేశారు. అంత చిన్న దెబ్బకే ఎందుకు విరిగిందని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న మనమే అడగాలి. ఎముక గుల్లబారుతుంటే నొప్పి ఉండదు, విరిగేదాకా తెలీదు.

ముందు ఇంట్లో ఎత్తు కొలవండి. చెప్పుల్లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి, తలమీద అట్ట పెట్టి పెన్సిల్‌తో గీత గీయండి. వయసులో ఉన్నప్పటికన్నా 4 సెంటీమీటర్లు తగ్గితే వెన్నుపూస నలిగి ఉండొచ్చు.

తర్వాత పాత ఆపరేషన్ కాగితాలు తీయండి. మా కోనసీమ పల్లెలో నలభైలోపే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఇంటికొకరు కనిపిస్తారు. దాంతోపాటు అండాశయాలు కూడా తీశారా అన్నది చాలామందికి తెలీదు. డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, డాక్టరుకు చూపించండి. తీసేసి ఉంటే ఎముక పరీక్షకు 65 ఏళ్లు వచ్చేదాకా ఆగకూడదు. 45 లోపే ముట్లు ఆగినవాళ్లు, ఆయాసానికో కీళ్లవాతానికో స్టెరాయిడ్ మాత్రలు 3 నెలలకు మించి వాడినవాళ్లు, తల్లికో తండ్రికో తుంటి విరిగినవాళ్లు కూడా అంతే. మిగతా ఆడవాళ్లకు 65, మగవాళ్లకు 70 దాటాక చేయిస్తే మంచిది.

క్యాంపుల్లో మడమకు పెట్టే మిషన్ చీటీ చూసి ధైర్యపడొద్దు, బెంగా పడొద్దు. జబ్బును తేల్చేది తుంటికీ నడుముకీ తీసే డెక్సా స్కాన్, అంటే ఎముక ఎంత దట్టంగా ఉందో కొలిచే ఎక్స్‌రే పరీక్ష. అమలాపురమైనా, కాకినాడైనా, రాజమండ్రైనా ముందు ఫోన్ చేసి, "డెక్సా ఉందా?" అని అడిగాకే బస్సెక్కండి.

పరీక్షకు 24 గంటల ముందు కాల్షియం మాత్ర ఆపండి. పరగడుపున వెళ్లక్కర్లేదు. ఈమధ్య మందు ఎక్కించి సీటీ స్కాన్ తీసి ఉంటే ముందే చెప్పండి. పిన్నీసులు, హుక్కులు, నడుముకు దోపుకున్న తాళంగుత్తి తీసేయాలి. బల్లమీద కదలకుండా పావుగంట పడుకుంటే చాలు. సూది ఉండదు, రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కన్నా తక్కువ.

రిపోర్టులో టి-స్కోర్ చూడండి, అంటే మీ ఎముకను వయసులో ఉన్నవాళ్ల గట్టి ఎముకతో పోల్చి చెప్పే అంకె. మైనస్ 1, అంతకుపైన ఉంటే మామూలే. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడుతోందని. మైనస్ 2.5, అంతకన్నా కింద ఉంటే గుల్లబారినట్టే. అత్తయ్యకు తుంటి దగ్గర మైనస్ 2.8 వచ్చింది. డాక్టరు విటమిన్ డి, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించాకే మందు మొదలుపెట్టారు.

ఆ రిపోర్టు జాగ్రత్తగా దాచండి. మళ్లీ పరీక్ష చేయించేటప్పుడు అదే మిషన్ మీద తీయిస్తేనే ఎముక పెరిగిందో తరిగిందో సరిగ్గా తెలుస్తుంది.