గుమ్మడికాయకి గాటు పడిందా? మూసేయకండి, ఆరనివ్వండి

పాదు మీద పెరుగుతున్న గుమ్మడికాయకి పార తగిలినా, నత్త కొరికినా, రాయికి గీసుకున్నా మనకి ముందు వచ్చే ఆలోచన ఏదోటి పూసి మూసేద్దామనే. నేనూ ఒకసారి టేపు అంటించా, నాలుగు రోజులాగి తీస్తే కింద అంతా చెమ్మ, బూజు, వేలు పెడితే లోపలికి దిగిపోయింది. వాజిలీన్, మైనం కూడా అంతే, లోపలి తడిని బయటికి పోనివ్వవు.

అసలు కాయ తన గాయం తనే మాన్పుకుంటుంది. గాటు దగ్గర బంక కారి గట్టిపడుద్ది, దాని కింద మెల్లగా బెరడు లాంటి పొర కడుద్ది, చివరికి గరుకుగా ఉబ్బిన మచ్చ మిగులుద్ది, చూడ్డానికి బాగోదు గానీ కాయకి ఏం కాదు. ఆ బంకని గోకేయకండి. మన పనల్లా ఆ చోటు తడవకుండా చూడడమే.

మట్టి అంటుకుంటే పొడిగుడ్డతో తుడవండి. నీళ్ళు పైనుంచి చల్లకుండా పాదు మొదట్లోనే పొయ్యండి, అదీ పొద్దున పూటే. గాటు మీద ఆకులు కప్పేసి ఉంటే ఒకటి రెండు పక్కకి జరపండి, గాలి తగిలితే చాలు, అన్నీ తుంచేస్తే కాయ ఎండకి మాడుద్ది. కాయ కింద ఎండుగడ్డో చెక్క ముక్కో పెట్టండి, కానీ పెట్టేటప్పుడు తొడిమ మెలిపడితే గాటు కన్నా పెద్ద నష్టం, అందుకే ఇద్దరుంటే మేలు.

రోజూ బొటనవేలితో గాటు చుట్టూ నొక్కి చూడండి. గట్టిగా ఉంటే వదిలేయండి. మెత్తగా, నీరు కారుతూ, వాసన వస్తుంటే కుళ్ళు మొదలైనట్టే, అప్పుడు మాత్రం కత్తి పట్టాలి. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి అందులో కత్తిని కాసేపు ఉంచి, కడిగి, తుడిచి, మెత్తటిదంతా గట్టి కండ తగిలేదాకా చెక్కేయండి, జాలిపడి కొంచెం వదిలారో మళ్ళీ అక్కణ్ణుంచే మొదలవుద్ది. తర్వాత పూర్తిగా ఆరనివ్వండి. కొంతమంది గంధకం పొడి అద్దుతారు, అయితే ఎండలు మండిపోయేటప్పుడు అది తగిలిన ఆకులు మాడతాయి, తినే కాయ మీద ఏ మందు వాడినా, వేశాక ఎన్ని రోజులు ఆగి కొయ్యాలని డబ్బా మీద రాసుంటే అన్ని రోజులు దాటాకే కొయ్యాలి.

ఎండగట్టి ఒక్కసారిగా ఎక్కువ నీళ్ళు పెడితే కాయ పగులుద్ది, ఆ పగులు గింజల గుల్లదాకా పోతే ఇక ఏ వైద్యమూ పనిచెయ్యదు, ముదిరిన కాయైతే అదే రోజు కోసి బాగున్న ముక్క వండేసుకోండి, పిందైతే తుంచి పారేయండి, పాదు బలం మిగతావాటికి పోద్ది. కుళ్ళినవి మాత్రం పాదులో వదలొద్దు.

మచ్చ కట్టిన కాయని తొడిమతో సహా కోసి, ఓ పది రోజులు వెచ్చగా, గాలి ఆడే చోట ఆరబెట్టి మిగతావాటికి దూరంగా పెట్టండి, ముందు దాన్నే వాడేయండి.