గోల్ఫ్ స్వింగ్ – 4వ పాఠం: బరువు ఏ కాలి మీద?

పోయిన పాఠంలో పట్టు, నిలబడే తీరు చూశాం. ఈసారి పాదాల సంగతి. కుడిచేతి వాటం వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎడమచేతి వాళ్ళు కుడి ఎడమలు తారుమారు చేసుకోండి.

ముందు క్లబ్ (బంతిని కొట్టే కర్ర) పక్కన పెట్టి వాకిట్లోకి వెళ్ళండి. సగం నీళ్ళున్న బకెట్‌ను రెండు చేతులతో పట్టుకుని, మీ ఎడమ పక్కకి నీళ్ళు దూరంగా విసరండి. బకెట్ కుడివైపు వెళ్తుంటే బరువు కుడికాలి మీద పడుతుంది. అది ఇంకా వెనకే ఉండగానే ఎడమ పాదం నేలను తొక్కుతుంది. నీళ్ళు ఎగిరేది ఆ తర్వాతే. ఎవరూ నేర్పకుండా వచ్చిన ఈ వరసే స్వింగ్‌కీ కావాలి. చేతిలోకి క్లబ్ రాగానే ఎందుకో మర్చిపోతాం.

ఇప్పుడు 7 ఐరన్ అనే మధ్యరకం క్లబ్ తీసుకోండి. పాదాల మధ్య భుజాలంత ఎడం, బరువు చెరిసగం. ఎడమ పాదం వేళ్ళు కొంచెం బయటికి, కుడి పాదం తిన్నగా ఉంచడం పాతతరం దిగ్గజం బెన్ హోగన్ పద్ధతి. నేనూ అదే చెప్తాను.

బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు, బరువు కుడి పాదం లోపలి అంచు మీద ఆగాలి. బయటి అంచుకి పోయిందంటే ఒళ్ళు తిరగడం మానేసి పక్కకి ఊగుతోందన్నమాట. కుడి బూటు బయటి అంచు కింద ఒక పాత చెప్పు పెట్టి 10 సార్లు తిప్పి చూడండి, తేడా తెలుస్తుంది. ఎడమ మడమ లేవచ్చా? 18 మేజర్లు (గోల్ఫ్‌లో అతిపెద్ద టోర్నీలు) గెలిచిన జాక్ నిక్లాస్ లేపేవాడు. నడుము బిగుసుకుపోయినవాళ్ళు మొహమాటం లేకుండా లేపండి. దిగేటప్పుడు మాత్రం మళ్ళీ అదే చోట ఆనాలి.

అసలు కిటుకు బ్యాక్‌స్వింగ్ చివర, క్లబ్ పైకి చేరే చోట ఉంది. క్లబ్ పూర్తిగా వెనక్కి చేరకముందే ఎడమ మడమ నేలను నొక్కడం మొదలవ్వాలి. ఆ వెనకే నడుము, ఆఖరున చేతులు. నేను మొదట్లో చాలా నెలలు దీన్ని సరిగ్గా తలకిందులు చేశాను. వెనక్కి తిప్పేటప్పుడు ఎడమకాలి మీద వాలి, కొట్టేటప్పుడు కుడికాలి మీదకి పడిపోయేవాణ్ణి. దీన్నే రివర్స్ పివట్ అంటారు. రేంజ్‌లో (చాప మీద బంతులు కొట్టి సాధన చేసే చోట) ఇది బయటపడలేదు, ఎందుకంటే క్లబ్ బంతి కన్నా ముందే చాపకి తగిలినా జారి బంతిని తాకేస్తుంది. గడ్డి మీద అడుగుపెట్టాక, బంతికి 2 అంగుళాల వెనక మట్టి పెళ్ళలు లేచాయి.

దీనికి మందు అడుగు డ్రిల్. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడండి. క్లబ్ వెనక్కి నడుము ఎత్తు దాటగానే, అది ఇంకా పైకి వెళ్తుండగానే, ఎడమ పాదాన్ని టార్గెట్ వైపు ఒక అడుగు వేయండి. మడమ ఆనాక కొట్టండి. మొదటి 20 సార్లు బంతి లేకుండానే. తర్వాత బంతితో, సగం బలంతో. మొదట్లో కొన్నిసార్లు క్లబ్ బంతిని తాకకుండా గాల్లోనే పోతుంది, టెన్షన్ పడకండి.

ప్రతి షాట్ తర్వాత 3 సెకన్లు అలాగే నిలబడి కుడి పాదం పైకెత్తి చూడండి. ఎడమకాలి మీద తూలకుండా నిలిచారా, బెల్టు బకిల్ టార్గెట్ వైపు ఉందా? లేకపోతే బరువు ఇంకా వెనకే ఉండిపోయింది.

అమెరికా ఆటగాడు స్కాటీ షెఫ్లర్‌కి కొట్టేటప్పుడు కుడి పాదం వెనక్కి జారుతుంది. 2022, 2024 మాస్టర్స్ (మేజర్లలో ఒకటి) ఆ జారుడుతోనే గెలిచాడు. చూసి ఆనందించండి, ఇప్పుడే కాపీ కొట్టకండి.

వచ్చే పాఠంలో నడుము తిప్పడం. అప్పటిదాకా రేంజ్‌కి వెళ్ళిన ప్రతిసారీ మొదటి 15 బంతులు అడుగు డ్రిల్‌కే.