ఇంగ్లండ్‌లో వంగ మొక్క: విత్తే ముందు చూసుకోవాల్సినవి

ఇక్కడి వేసవి చిన్నది, వంగకేమో వేడి కావాలి. జాగ్రత్తలన్నీ అందుకే.

– విత్తనం ఫిబ్రవరి, మార్చిలోనే ఇంట్లో వేయండి. మట్టి వెచ్చగా, 20 డిగ్రీలకు పైనే ఉండాలి.

– రకం: మనీమేకర్ లాంటి తొందరగా కాసేది. ఇండియా నుంచి విత్తనాలు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి.

– తొందరపడి బయట పెట్టకండి. ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. మే నెలలో పగటి ఎండ చూసి మోసపోవద్దు, రాత్రి చలి చూడాలి. 10 డిగ్రీల లోపు పడితే ఎదుగుదల ఆగిపోతుంది, మంచు పడితే మొక్కే పోతుంది. జూన్ దాకా ఆగండి. ముందు వారం పది రోజులు పగలు బయట, రాత్రి లోపల పెట్టి అలవాటు చేయండి. గ్రీన్‌హౌస్ ఉంటే అందులోనే ఉంచేయడం మేలు.

– కుండీ వెడల్పు 30 సెంటీమీటర్లు, అడుగున కన్నాలు.

– గ్రీన్‌హౌస్‌లోకి తేనెటీగలు సరిగా రావు. పువ్వు విచ్చగానే వేలితో మెల్లగా తట్టండి, పుప్పొడి రాలుతుంది. ఆకు మీద లేత పసుపు చుక్కలు, అడుగున సన్నని సాలెగూడు లాంటిది కనిపిస్తే ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే చిన్న పురుగు) పట్టినట్టే. పొడిగాలిలో అది రెచ్చిపోతుంది, ఆకులపై నీళ్లు చిలకరిస్తూ ఉండండి.

– మొక్కకు ఐదారు కాయలు చాలు. మనసొప్పకపోయినా మిగతా పూత తుంచేయండి. కాయ నిగనిగ తగ్గకముందే కోసేయాలి, ఆలస్యమైతే గింజ ముదిరి చేదెక్కుతుంది.