షట్‌డౌన్ తర్వాత మళ్లీ నడిపే ముందు: లెవెల్, ఫ్లో పరికరాల దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు

బాయిలర్ గానీ, ట్యాంకు గానీ, ద్రవాల్ని మరిగించి వేరుచేసే డిస్టిలేషన్ కాలమ్ గానీ నిలకడగా నడుస్తున్నప్పుడు పెద్దగా భయపెట్టదు. కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలయ్యే ఆ కొన్ని గంటలే గండం. ఖాళీ పాత్రలు నిండుతుంటాయి, చల్లారిన లోహం వేడెక్కుతుంటుంది, తమంతట తామే పనిచేయాల్సిన కంట్రోల్ లూపులు మాన్యువల్‌లో, అంటే చేత్తో నడిపే స్థితిలో ఉంటాయి. సరిగ్గా అప్పుడే లోపల ద్రవం ఎంతుందో, ఎటు పోతోందో నిక్కచ్చిగా తెలియాలి. అది చెప్పాల్సిన ఫ్లోట్లు, కొలిచిన అంకెని కంట్రోల్ రూమ్‌కి పంపే ట్రాన్స్‌మిటర్లు, స్విచ్‌లు, వాల్వులే షట్‌డౌన్‌లో ఎక్కువగా చెయ్యి పడినవి. కొన్నింటిని విప్పి బిగించి ఉంటారు, కొన్ని అడుగున పేరుకున్న బురదలో అలాగే కూర్చుని ఉంటాయి.

కాబట్టి నా పట్టుదల ఒక్కటే. స్టార్టప్‌కి ముందు ప్రతి పరికరాన్నీ ద్రవంతోనే కదిలించి, అది చేయాల్సిన పని చేసిందని కళ్లారా చూడాలి. చెక్‌లిస్టులో సంతకం ఉందనో, ప్యానెల్ మీద లైటు వెలిగిందనో ఊరుకోకూడదు.

గేజ్ గ్లాస్‌తో మొదలుపెట్టండి

బాయిలర్ మీద కరెంటుతో పనిలేకుండా నిజం చెప్పేది గేజ్ గ్లాస్, అంటే లోపలి నీటి మట్టం కంటికి కనిపించే గాజు గొట్టం. అయితే దాని దారులు తెరుచుకుని ఉంటేనే. ఆవిరి వైపు ఒక కాక్ (చిన్న వాల్వ్), నీటి వైపు ఒక కాక్, కింద డ్రెయిన్ కాక్ ఉంటాయి. నీటి వైపు దారి ఉప్పుతోనో బురదతోనో పూడుకుపోతే గ్లాసులో పాత నీరే నిలిచిపోతుంది. బాయిలర్ డ్రమ్ములో (నీరు, ఆవిరి ఉండే పాత్రలో) నీళ్లు అడుగంటినా గ్లాసులో మాత్రం సగం దాకా కనిపిస్తూనే ఉంటుంది.

ఒత్తిడి మీదున్న బాయిలర్‌లో గ్లాసుని కాస్త దగ్గరగా గమనించండి. నీటి అంచు ఒక్కచోట నిలవదు. సన్నగా వణుకుతూ కొద్దికొద్దిగా పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. బాయిలర్ ఆవిరి ఇస్తున్నా ఆ అంచు గీత గీసినట్టు కదలకుండా ఉందంటే వెంటనే అనుమానించాలి.

పరీక్షించే వరస ఇది. డ్రెయిన్ తెరవండి. నీటి కాక్ మూయండి, ఆవిరి బలంగా చిమ్మితే పై దారి బాగున్నట్టు. తర్వాత నీటి కాక్ తెరిచి ఆవిరి కాక్ మూయండి, నీరు జోరుగా వస్తే కింది దారి బాగున్నట్టు. చివరికి ఆవిరి కాక్ తెరిచి డ్రెయిన్ మూసేయండి. నీరు చటుక్కున తన మట్టానికి చేరాలి. నత్తనడకన ఎక్కితే దారిలో ఏదో అడ్డుందని అర్థం. ఈ పని చేసేటప్పుడు గ్లాసుకి ఎదురుగా నిలబడొద్దు, పక్కన నిలబడి ఫేస్ షీల్డ్, గ్లవ్స్ వేసుకుని చేయండి. రెండు గ్లాసులుంటే రెండింటినీ పరీక్షించి, రెండూ ఒకే మట్టం చూపుతున్నాయో లేదో పోల్చుకోండి.

బాయిలర్ మండుతుండగా గ్లాసులో నీళ్లు అసలు కనిపించకపోతే, ఇంకా పరీక్షలు చేస్తూ కూర్చోవద్దు. ముందు మంట ఆపండి. ఫీడ్ పంపు నడపొద్దు. ఎర్రగా కాలిన గొట్టాల మీద చల్లని నీరు పడితే లోహం దెబ్బతింటుంది, ఆ నీరు ఒక్కసారిగా ఆవిరైపోతుంది. మామూలు వాతావరణ పీడనంలో నీరు ఆవిరైతే ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. ఆ ఒత్తిడిని డ్రమ్ము తట్టుకోలేకపోవచ్చు. కంగారులో సేఫ్టీ వాల్వ్ కూడా చేత్తో లేపకండి. దూరంగా ఉండి, దానంతటదే చల్లారనివ్వండి.

ఫ్లోట్ స్విచ్: చేత్తో ఎత్తితే చాలదు

నీళ్లు తగ్గితే బర్నర్‌ని ఆపేసే లో-వాటర్ కటాఫ్‌ని చాలామంది ఫ్లోటు ఉండే ఛాంబర్‌ డ్రెయిన్ ఒక్కసారి తెరిచి, ట్రిప్ అయిందని (బర్నర్ ఆగిందని) చూసి వదిలేస్తారు. అది చేయాల్సిందే, ఛాంబర్‌లో బురద పోతుంది కూడా. కానీ నీరు హఠాత్తుగా పడిపోయినప్పుడు దిగే ఫ్లోటు, మెల్లగా తగ్గేటప్పుడు పట్టేసి ఉండిపోవచ్చు. నిజంగా నీళ్లు తగ్గేది మెల్లగానే కదా. అందుకే సీజన్ మొదట్లో ఒకసారి, అనుభవమున్న మనిషి గ్లాసు దగ్గరే నిలబడి, బర్నర్ తక్కువ మంటలో ఉండగా నీటిని నెమ్మదిగా తగ్గించి చూడాలి. గ్లాసులో నీరు కనబడకుండా పోకముందే బర్నర్ ఆగిపోవాలి. ఆగలేదంటే చేత్తో ఆపి, ఆ కటాఫ్ బాగయ్యేదాకా బాయిలర్‌ని వాడొద్దు.

ఫ్లోటుకి చిల్లు పడితే అందులోకి ద్రవం చేరి బరువెక్కుతుంది. ట్యాంకు నిండినా పైకి లేవదు, ఫీడ్ వాల్వ్ తెరిచే ఉంటుంది. విప్పినప్పుడు చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి, లోపల చప్పుడు వినిపిస్తే మార్చేయండి. చేతి కడ్డీ వంగిందా, పివట్ తుప్పు పట్టిందా కూడా చూడండి. కేబుల్‌తో వేలాడే ఫ్లోట్ స్విచ్‌లైతే కేబుల్ పంపుకో నిచ్చెనకో చుట్టుకోకుండా తిరిగే చోటు ఉండాలి.

ట్రాన్స్‌మిటర్ అంకె వెనక ఏముంది

తెర మీద అంకె కనిపిస్తే నమ్మేయడం మనిషి స్వభావం. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో ఒక కాలమ్‌ని షట్‌డౌన్ తర్వాత స్టార్ట్ చేస్తున్నారు. కాలమ్‌లో ద్రవం 40 మీటర్లు దాటి ఎక్కిపోయింది. ట్రాన్స్‌మిటర్ మాత్రం 3 మీటర్ల లోపే ఉందనీ, అదీ మెల్లగా తగ్గుతోందనీ చూపిస్తూ వచ్చింది. విడిగా ఉన్న హై లెవెల్ అలారం మోగలేదు. సైట్ గ్లాస్ మురికి పట్టి పనికిరాకుండా ఉంది. పొంగిన హైడ్రోకార్బన్లు అంటుకుని 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు.

తగ్గుతున్నట్టు ఎందుకు చూపింది? అది డిస్‌ప్లేసర్ రకం. ద్రవం తనని ఎంత బలంతో పైకి నెడుతోందన్న దాన్నిబట్టి లెవెల్ చెబుతుంది. పూర్తిగా మునిగాక ఇక అది కొలిచేది ఎత్తుని కాదు, సాంద్రతని. ద్రవం వేడెక్కేకొద్దీ సాంద్రత తగ్గింది, అంకె కూడా తగ్గుతూ పోయింది. పైగా సరైన అంకె చూపేలా చేసే సర్దుబాటు, అంటే కాలిబ్రేషన్‌ కూడా ఆ ద్రవానికి తగ్గట్టు చేసి లేదు. మీ దగ్గర డిస్‌ప్లేసర్ ఉంటే, ఏ ద్రవానికి, ఏ ఉష్ణోగ్రత దగ్గర కాలిబ్రేట్ చేశారో స్టార్టప్‌కి ముందే అడగండి. లోపలికి పోసినదీ బయటికి పోయినదీ లెక్కవేసుకోవడం కూడా మానొద్దు. గంట నుంచి నింపుతూనే ఉన్నాం, బయటికి ఏమీ పోవట్లేదు, అయినా లెవెల్ పెరగట్లేదంటే అబద్ధం చెబుతున్నది మీటరే.

రెండు చోట్ల ఒత్తిడి తేడానిబట్టి లెవెల్ చెప్పే డిఫరెన్షియల్ ప్రెషర్ రకంలో, ఆ ఒత్తిడిని మీటర్‌కి చేర్చే సన్నని గొట్టాలు, అంటే ఇంపల్స్ లైన్లే ప్రాణం. బాయిలర్ డ్రమ్ మీద పోలిక కోసం ఉంచే గొట్టం, అంటే రిఫరెన్స్ లెగ్‌లో నీరు నిండుగా ఉండాలి. అది కారిపోయి ఖాళీ అయితే, డ్రమ్‌లో ఉన్నదానికంటే ఎక్కువ నీరు ఉన్నట్టు చూపిస్తుంది. నీళ్లు తక్కువైన వేళ ఎక్కువున్నాయని చెప్పే మీటర్ కన్నా, అసలు చెప్పని మీటరే నయం. రెండు వైపులా ఒత్తిడిని సమం చేసే ఈక్వలైజింగ్ వాల్వ్ తెరిచి వదిలేశారేమో కూడా ఒకసారి చూడండి, షట్‌డౌన్ తర్వాత తరచూ దొరికే పొరపాటు ఇది.

నిండిపోతే ఆపాల్సిన స్విచ్

అదే ఏడాది డిసెంబరు 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపోలో 912వ నంబరు ట్యాంకులోకి పెట్రోలు ఎక్కుతుండగా లెవెల్ గేజ్ ఒక అంకె దగ్గర ఇరుక్కుపోయింది. దానికి తోడుగా ఉన్న హై లెవెల్ స్విచ్ కూడా పనిచేయలేదు. పరీక్షకి కదిపే లీవర్‌ని సరైన స్థానంలో నిలబెట్టడానికి ఒక తాళం వేయాలి. అది దొంగతనం జరగకుండా వేసే తాళమేనని అనుకుని వేయలేదు. పెట్రోలు పొంగి, ఆవిరి మేఘమై పేలింది. 43 మంది గాయపడ్డారు.

అందుకని పరీక్ష చేయడం ఎంత ముఖ్యమో, పరీక్ష తర్వాత పరికరం పనిచేసే స్థానానికి తిరిగొచ్చిందో లేదో చూడటం అంత ముఖ్యం. మామూలు గేజ్‌కీ, మరీ ఎక్కువ నిండితే ఆపే హై-హై స్విచ్‌కీ సెన్సర్, కేబుల్ వేరువేరుగా ఉండాలి. రెండూ ట్యాంకు మీది ఒకే ట్యాపింగ్ (కనెక్షన్ రంధ్రం) మీద ఉంటే ఒక్క చెత్త ముక్క రెండింటినీ మూసేస్తుంది.

వాల్వులు, ఫ్లో

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ఒత్తిడిని బయటికి వదిలే ఒక రిలీఫ్ వాల్వ్ తెరిచే ఉండిపోయింది. ప్యానెల్ మీది లైటు మాత్రం మూయమన్న ఆదేశం వెళ్లిందని మాత్రమే చెప్పింది. ఆపరేటర్లు వాల్వ్ మూసుకుందనుకున్నారు. రెండు గంటలకు పైగా కూలింగ్ నీరు బయటికి పోయింది. కాబట్టి కంట్రోల్ రూమ్ నుంచి 0, 25, 50, 75, 100 శాతం తెరవమని ఆదేశం ఇస్తుంటే, ఒకరు వాల్వ్ దగ్గరే నిలబడి స్టెమ్ (వాల్వ్ కడ్డీ) ఎంత కదిలిందో చదివి చెప్పాలి. గాలి సరఫరా తీసేసి, వాల్వ్ డ్రాయింగ్‌లో రాసినట్టే తెరుచుకుంటుందో మూసుకుంటుందో చూడాలి.

ద్రవాన్ని వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వ్, ప్రవాహంలో కదిలే ఫ్లో స్విచ్ ప్యాడిల్ మీద బాణం గుర్తు ఎటుందో చూడండి. ఫ్లో కొలవడానికి పైపులో పెట్టే రంధ్రమున్న ఆరిఫిస్ ప్లేటు పదునైన అంచు ప్రవాహం వచ్చే వైపు ఉండాలి. తిరగేసి పెడితే ఫ్లో తక్కువగా చూపిస్తుంది, కంట్రోలర్ వాల్వ్‌ని ఇంకా తెరుస్తుంది, ఎక్కువ ద్రవం పోతుంది. లోపల తేలే ఫ్లోటుతో ఫ్లో చూపే రోటామీటర్ నిటారుగా ఉందా, మాగ్నెటిక్ ఫ్లోమీటర్ ఉన్నచోట పైపు నిండుగా పారుతోందా అన్నవి చిన్న పరీక్షలు. నిమిషాల్లో అయిపోతాయి.

పెద్ద వాల్వుని మాత్రం ఎప్పుడూ చటుక్కున తిప్పొద్దు. ఉక్కు పైపులో సెకనుకి 1 మీటరు వేగంతో పారే నీరు ఒక్కసారిగా ఆగితే ఒత్తిడి 10 బార్‌కు పైగా ఎగసిపడుతుంది. ఆవిరి లైన్లలో ఇంకా ప్రమాదం. డ్రెయిన్లు తెరిచి కండెన్సేట్ (ఆవిరి చల్లారి చేరిన నీరు) అంతా పోయాకే మెయిన్ వాల్వుని కొద్దికొద్దిగా తెరవండి. పైపులో ఢమఢమ చప్పుడు వినిపిస్తే అక్కడే ఆగండి.

చివరిగా బైపాస్‌లు

షట్‌డౌన్‌లో పని సాగాలని ప్రమాదం వస్తే యంత్రాన్ని ఆపే ఇంటర్‌లాక్‌లకు, వాటిని దాటవేసే జంపర్ వైర్లు వేస్తారు, ట్రిప్‌లు బైపాస్ చేస్తారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు వేశారో రిజిస్టర్‌లో రాయాలి. వేసిన మనిషే వచ్చి తీయాలి. ఆ మనిషి షిఫ్ట్ మారిపోతే, ఆ బాధ్యత తీసుకున్న మనిషి ప్యానెల్ తలుపు తెరిచి వైరు వైరు చూసి సంతకం పెట్టాలి. ఒక్క జంపర్‌కి లెక్క తేలకపోయినా స్టార్టప్ ఆపే అధికారం షిఫ్ట్‌లో ఉన్న ఆపరేటర్‌కి ముందే రాతపూర్వకంగా ఇవ్వండి, ఆ కాగితం కంట్రోల్ రూమ్ గోడ మీదే అంటించండి.