కొత్త రక్తనాళాల పెరుగుదలలో కణాలను అతికించే అణువుల పాత్రను పరీక్షించే విధానం

రక్తనాళపు లోపలి పొరలోని ఎండోథీలియల్ కణం కొత్త కొమ్మగా సాగాలంటే, చుట్టూ ఉన్న మాతృకను (కణాల మధ్య ఉండే ప్రోటీన్ల వలను) ఇంటెగ్రిన్లు అనే తన ఉపరితల అణువులతో పట్టుకోవాలి. పక్క కణంతో వీఈ-క్యాడ్హెరిన్ అనే అతికించే అణువు కలిపే బంధాన్ని సడలించుకుంటూనే పూర్తిగా తెగనివ్వకూడదు. ఈ రెండు పట్టులలో దేనిని పరీక్షిస్తున్నారో ముందుగా తేల్చుకోవాలి, ఎందుకంటే జెల్ ఎంపిక దానిపైనే ఆధారపడి ఉంటుంది. కణాలను పెంచడానికి అందరికీ అలవాటైన జెల్ మాట్రిజెల్; అందులో ప్రధానంగా ఉండేవి లామినిన్, నాలుగో రకం కొల్లాజెన్ అనే ప్రోటీన్లు. విట్రోనెక్టిన్, ఫైబ్రిన్ అనే ప్రోటీన్లను పట్టుకునే ఆల్ఫా-వి బీటా-3 ఇంటెగ్రిన్ మీ పరిశీలనాంశమైతే ఫైబ్రిన్ జెల్‌నే ఎంచుకోవడం మేలు.

మాట్రిజెల్‌ను రాత్రంతా 4 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచులో ఉంచి కరగనివ్వాలి. వేడి తగిలితే గడ్డకడుతుంది కనుక పిపెట్ టిప్పులను, ప్లేటును కూడా చల్లబరచాలి. 96 గుంటల ప్లేటులో గుంటకు 50 మైక్రోలీటర్లు బుడగలు రాకుండా పోసి, 37 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచాలి.

అసలు జాగ్రత్త కణాలను ఊడదీసేటప్పుడు కావాలి. కణాలను ఊడదీసే ఎంజైమ్ ట్రిప్సిన్ మనం పరీక్షించదలచిన అణువులనే కోసివేయగలదు. దానితో కలిపే ఈడీటీఏ అనే రసాయనం కాల్షియాన్ని లాగేసుకోవడంతో క్యాడ్హెరిన్లు మరింత సులభంగా తెగిపోతాయి. అందుచేత కణాలు ఊడగానే ట్రిప్సిన్‌ను ఆపి, కాల్షియం ఉన్న మాధ్యమంలో వాటిని కోలుకోనివ్వాలి. బొడ్డుతాడు సిర నుంచి తీసిన, ఎక్కువసార్లు పెంచని కణాలను గుంటకు 10,000 నుంచి 20,000 వరకు వేయాలి. పరీక్షించే అణువును అడ్డుకునే నిరోధక యాంటీబాడీని కణాలు వేయడానికి ముందే వాటితో కలిపి ఉంచాలి. అదే రకానికి చెందిన, ఆ అణువుకు అతకని మరో యాంటీబాడీని అదే మోతాదులో పక్క గుంటల్లో వాడకపోతే ఫలితాన్ని నమ్మలేము.

జెల్‌పై కణాలు గొట్టాల్లా అల్లుకుంటాయి; నాలుగు గంటల నుంచి ఫోటోలు తీయడం మొదలుపెట్టి, కొమ్మలు కలిసే చోట్లను, గొట్టాల మొత్తం పొడవును కొలవాలి. 24 గంటలు దాటాక అల్లిక తరచుగా చెదిరిపోతుంది. గొట్టాలు ఏర్పడకపోతే కణాలు అసలు అతుక్కున్నాయా, బతికున్నాయా అనేది విడిగా చూడాలి.

ఒకే మోతాదుతో నిర్ణయానికి రాకండి. ఆల్ఫా-వి ఇంటెగ్రిన్లను అడ్డుకునే సిలెంజిటైడ్ వంటి మందులు నానోమోలార్ (అతి తక్కువ గాఢత) స్థాయిలో ఎలుకల కణితుల్లో రక్తనాళాలను పెంచాయి. బీటా-3 లేని ఎలుకల్లోనూ కణితుల రక్తనాళాలు పెరిగినట్లు 2002లో వెల్లడైంది. కనుక నానోమోలార్ స్థాయి నుంచి పలు మోతాదులను పరీక్షించాలి. మాట్రిజెల్‌పై కనిపించేది కణాలు సర్దుకుని కూర్చిన అల్లిక మాత్రమే కాబట్టి, కొత్త నాళం పెరిగిందని రాయాలంటే బృహద్ధమని ముక్కల నుంచి మొలకలు వచ్చే పరీక్ష కూడా చేయాలి.